పెద్దాయనకు గాలి తగిలింది

తలుపు మూసుకోగానే ముందు ఫ్యాను ఆగిపోయింది, తర్వాత వీధి ఆగిపోయింది, అన్నిటికన్నా చివర ఆడపడుచు గొంతు ఆగిపోయింది. నిజానికి ఏదీ ఆగలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది, వీధిలో బండ్లు పోతూనే ఉన్నాయి, ఆడపడుచు పెదవులు కదులుతూనే ఉన్నాయి, బెత్తెడు మందమున్న ఈ తలుపు వాటిని లోపలికి రానివ్వడం లేదు, అంతే. చెవుల పరీక్ష చేసే గది ఇది. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, గోడల నిండా బూడిదరంగు స్పాంజి, ఒక కుర్చీ, కొక్కేనికి ఒక హెడ్‌ఫోన్, పక్కన వైరుకు వేలాడే చిన్న బటన్, ఎదురుగా రెండు పొరల అద్దం బిగించిన కిటికీ. తలనొప్పిగా ఉంది, కాసేపు ఇక్కడ కూర్చుంటాను అని చెప్పి వచ్చింది ఆమె. తలనొప్పి అబద్ధం. ఆ అబద్ధం ఆడి పది నిమిషాలు కూడా కాలేదు గానీ, ఈ గదిలో కూర్చుంటే మనిషికి తన లోపలి చప్పుళ్ళన్నీ వినపడతాయి, గుండె కొట్టుకోవడం, గుటక పడటం, చెవి వెనకాల నెత్తురు సన్నగా పారడం, అవన్నీ విని విని ఇప్పుడు తల నిజంగానే నొప్పి పుట్టేలా ఉంది.

అద్దంలోంచి దుకాణమంతా కనిపిస్తోంది. కంప్యూటర్లు బాగుచేసే ఆవిడ, అందరూ కంప్యూటరక్క అంటారు, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది, ఒళ్ళో సొంత ల్యాప్‌టాప్, దానికి తగిలించిన కాపీ డిస్కు, నోట్లో రెండు స్క్రూలు. ల్యాప్‌టాప్ తెర మీద ఒక ఆకుపచ్చ గీత ఎడమ నుంచి కుడికి నత్తలా పాకుతోంది, దాని పక్కన అంకె, ముప్ఫై ఒకటి. ఆ అంకె నూరు కావడానికి గంట పడుతుందని చెప్పింది. ఆవిడ వెనకాల ఆయన, ఈ గదిలో కూర్చున్నామె భర్త, చేతులు వెనక్కి కట్టుకుని, బడిలో మాస్టారు కాపీలు దిద్దుతుంటే పక్కన నిలబడ్డ పిల్లవాడిలా. చెవుల డాక్టరు అంటారు ఆయన్ని ఊళ్ళో, డాక్టర్ని కాదు మహాప్రభో, వినికిడి మిషన్లు అమర్చేవాణ్ణి అని ఆయన ఎంత మొత్తుకున్నా ఎవరూ వినరు, ఎలా వింటారు, వినపడేవాళ్ళయితే ఇక్కడికెందుకు వస్తారు అంటుంది ఆడపడుచు. గోడ వారగా బెంచీ మీద గడియారాల మేస్త్రి కూర్చున్నాడు, ఎనభైకి దగ్గర పడుతున్న మనిషి, తన వినికిడి మిషన్లు రెండూ అరచేతిలో పెట్టుకుని, పిట్టపిల్లల్ని పట్టుకున్నట్టు. బల్ల మీద పెద్దాయన. పెద్దాయన ముఖం నిండా ఎర్రటి అక్షరాలు.

పెద్దాయన అంటే ఈ దుకాణంలో కంప్యూటరు. పసుపు తిరిగిన ప్లాస్టిక్కు, ఊపిరాడనట్టు రొప్పే ఫ్యాను, ఆన్ చేస్తే అయిదు నిమిషాలు ఆలోచించుకుని ఒక చిన్న పాటతో నిద్రలేచే అలవాటు. ఆ పాట ఇప్పుడెవరి కంప్యూటరూ పాడదు. ఆయన ఇంట్లో గడ్డం గీసుకుంటూ దాన్నే ఈల వేస్తాడు. దాని లోపల ఉన్న సిస్టమ్‌ను తయారుచేసిన కంపెనీ వాళ్ళు, ఇక దీని మంచిచెడ్డలు మేము చూడం అని చేతులు కడిగేసుకుని ఎనిమిదేళ్ళయింది. ఈ పొద్దున అది పాట పాడలేదు. నిద్రలేచి, మీ ఫైళ్ళన్నిటికీ తాళాలు వేశాం, తీయాలంటే ఫలానా చోటికి డబ్బు పంపండి అని ఎర్రటి అక్షరాల్లో చెప్పింది. ఆయన ఇంటికి ఫోను చేసి, బీరువాలో ఉన్న కాపీ డిస్కు పట్టుకుని వెంటనే రా అన్నాడు, ఇంకేమీ అనలేదు. ఆమె పొయ్యి ఆర్పి, జడ కూడా పూర్తిగా అల్లుకోకుండా, డిస్కును ఉన్ని శాలువాతో సహా సంచిలో పడేసుకుని వచ్చింది. వచ్చేసరికి కంప్యూటరక్క బల్ల కింద దూరి ఉంది. అక్కడి నుంచే అడిగింది, గొంతు గుహలోంచి వచ్చినట్టు వచ్చింది.

"అన్నయ్యా, ఈ నెట్ వైరు దీనికి ఎవరు పెట్టారు?"

 కంప్యూటరక్క బయటికి వచ్చి, మోకాళ్ళు దులుపుకుని, ఆడపడుచు వైపు చూసింది, దుకాణంలో కంప్యూటర్ల దగ్గర కూర్చునేది ఆమే కదా. ఆడపడుచుకు రేడియో అని ఇంట్లో పేరు, పుట్టినప్పుడు ఆన్ అయింది, ఆపే బొత్తాం దేవుడు పెట్టడం మరిచిపోయాడు అంటాడు ఆమె అన్న. ఆ రేడియో అప్పుడు గొంతు పెంచింది. "నన్ను చూస్తారేంటక్కా? నాకు తెలీదా దానికి వైరు పెట్టకూడదని? మూడేళ్ళ కింద మీరే కదా చెప్పారు, ఈ ముసలాయన్ని ఉంచుకుంటే ఉంచుకోండి, బయటి గాలి మాత్రం తగలనివ్వకండి అని. అన్నయ్య చీటీ కూడా అంటించాడు." చీటీ ఏదీ అని కంప్యూటరక్క వైరును అటూ ఇటూ తిప్పింది. చీటీ లేదు. "నేనే అయి ఉంటాను," అన్నాడు ఆయన, "ఈమధ్య నాకు మతిమరుపు ఎక్కువైంది." అనేసి ఆమె వైపు చూడలేదు. చూడలేదన్న సంగతే ఆమెకు గుచ్చుకుంది. కంప్యూటరక్క డిస్కు తగిలించి, జరిగిందీ జరగబోయేదీ అంతా చెప్పేదాకా ఓర్చుకుని, అప్పుడు తలనొప్పి అంది.

చీటీ ఆమే గీకేసింది.

పోయిన గురువారం. గురువారాలు ఆమె దుకాణానికి వచ్చి దుమ్ము దులుపుతుంది, చెవిలో పెట్టుకునే అచ్చులను స్పిరిట్‌తో తుడుస్తుంది, చిన్న చిన్న బ్యాటరీలను సైజుల వారీగా డబ్బాల్లో సర్దుతుంది. ఇంట్లో అయినా, దుకాణంలో అయినా ఏ వస్తువైనా కొస వేలాడుతూ కనిపిస్తే ఆమెకు ప్రాణం ఒప్పదు. కిటికీ తెర తాడు, చీర కుచ్చుల దారం, సగంలో ఆపిన మాట. కొలబద్ద అని పేరు పెట్టాడు ఆయన, పెళ్ళయిన నెలకే, నీ చేతిలో పడితే ఆకాశాన్ని కూడా మడత పెట్టి బీరువాలో పెట్టేస్తావు అన్నాడు. ఆ రోజు బల్ల కింద దుమ్ము తీస్తుంటే ఒక వైరు కొస నేల మీద దీనంగా పడి కనిపించింది. దాని మీద ఒక కాగితం ముక్క, ఎండకూ చెమటకూ పసుపు తిరిగి, అక్షరాలు వెలిసిపోయి, జిగురు మాత్రం నల్లగా మురికి పట్టి. పొదుపుగా వాడమని ఆయన ఎప్పుడూ చెప్పే స్పిరిట్‌ను దూది మీద ధారాళంగా పోసి, ఆ జిగురంతా పోయేదాకా రుద్దింది. అద్దంలా మెరిసింది వైరు. కంప్యూటరు వెనకాల చూస్తే ఆ కొస పట్టేంత కన్నం ఒకటి ఖాళీగా, నోరు తెరుచుకుని ఉంది. ఇది అందులోదే, ఊడిపోయింది, ఎవరూ చూసుకోలేదు, ఈ ఇంట్లో చూసుకునేది నేనొక్కదాన్నే అనుకుంది. పెట్టింది. టక్ మంది. ఆ టక్ ఎంత హాయిగా ఉందో ఆమెకు ఇప్పటికీ గుర్తే, హుక్కు కాజాలో పడ్డట్టు. మిగిలిన వైరును ఎనిమిది అంకెలా చుట్టి, సంచిలోంచి దారం తీసి ముడి వేసింది. నీలం దారం, ఆ పొద్దునే కొన్న కొత్త ఉండ.

అయిదు రోజులు. గురువారం నుంచి ఈ మంగళవారం దాకా పెద్దాయన బయటి గాలిలో కూర్చున్నాడు, ఒంటి మీద చొక్కా లేకుండా. ఎవరు వచ్చారు, ఎప్పుడు వచ్చారు అని అడిగితే కంప్యూటరక్క నవ్వింది, మనుషులు రానక్కర్లేదు వదినా, నెట్‌లో పొద్దస్తమానం తలుపులు తట్టుకుంటూ తిరిగేవి ఉంటాయి, తెరుచుకున్న చోట దూరుతాయి అంది. మీ నెట్ డబ్బా కూడా పాతదే, కాపలా కాయదు. అయినా ఇన్నేళ్ళు బాగానే పనిచేసింది కదా అని ఆయన మొహమాటంగా అన్నప్పుడు ఆవిడ చెప్పిన మాట ఆమె మనసులో ముల్లులా దిగబడింది. కొత్త సిస్టమ్‌లో ఎక్కడో గోడకు పగులు కనపడితే కంపెనీ వాళ్ళు మరమ్మతు పంపుతారు, పంపుతూ ఫలానా చోట పగులు ఉండేది అని లోకానికి చెబుతారు. కొత్తవాళ్ళు పూడ్చుకుంటారు. అదే పగులు పాతదానిలోనూ ఉంటుంది, దాన్ని పూడ్చేవాళ్ళు ఉండరు, ఎక్కడుందో మాత్రం దొంగలందరికీ తెలిసిపోతుంది. పక్కవాళ్ళ తలుపుకు కొత్త తాళం పడిన ప్రతిసారీ మన తలుపు ఇంకాస్త వదులవుతుందన్న మాట. పాతబడటం అంటే అరిగిపోవడం అనుకుంది ఆమె ఇన్నాళ్ళూ, చెప్పులు అరిగినట్టు, చీర అంచు చిరిగినట్టు. ఇది అలాంటిది కాదు. ఇది ఏమీ అరగకుండానే, ఉన్నచోట ఉండగానే, చుట్టూ లోకం మన గుట్టు నేర్చుకోవడం.

అంకె నలభై నాలుగు.

మరి మార్చవచ్చు కదా అంటే, మార్చవచ్చు, ఆయన దగ్గర కొత్త కంప్యూటరు ఉంది, కొత్త మిషన్లు దాని మీదే అమరుస్తాడు. పెద్దాయనను ఉంచింది అరవై మంది కోసం, పాతరకం మిషన్లు వదలని అరవై మంది, వాటిని సరిచేసే ప్రోగ్రాము పెద్దాయన మీద తప్ప నడవదు. ఆ అరవై మందిలోనూ నిజం చెప్పాలంటే ఒక్కడి కోసం. కొత్త మిషన్లు తెలివైనవి. మాటను మాటగా గుర్తుపట్టి పెంచుతాయి, ఫ్యాను చప్పుడు, బండి చప్పుడు, గడియారం చప్పుడు, ఇవన్నీ గోల అని తీసి పారేస్తాయి. మేస్త్రికి కొత్తది పెట్టి చూశారు ఒకసారి. పెట్టుకుని, చేతిలో గడియారం చెవికి ఆనించుకుని, "ఇది చచ్చిపోయిందయ్యా" అన్నాడు. "మీ మాటలు బ్రహ్మాండంగా వినపడుతున్నాయి. మీ మాటలతో నాకేం పని?" అన్నాడు. అరవై ఏళ్ళుగా ఆ మనిషి గడియారం రోగాన్ని చెవితో పట్టేవాడు, టిక్కుకూ టక్కుకూ మధ్య ఎక్కడ కుంటుతోందో విని. అందుకని ఆయన పాత మిషన్లనే తీసుకుని, పెద్దాయనకు తగిలించి, పన్నెండేళ్ళుగా, ఆర్నెల్లకోసారి, ఈ గదిలోనే, ఈ కుర్చీలోనే మేస్త్రిని కూర్చోబెట్టి, ఒళ్ళో రకరకాల గడియారాలు పెట్టి, ఇప్పుడు వినపడుతోందా, ఇప్పుడు, కాస్త పదునుగా ఉందా, మొద్దుగా ఉందా అని అడుగుతూ, జుట్టుమందం చొప్పున సరిచేస్తూ వచ్చాడు. ఆ పన్నెండేళ్ళ సరిచేతలన్నీ ఒక ఫైలులో ఉన్నాయి. పోయిన నెల మేస్త్రి మిషన్లు పాడై రిపేరుకు పంపితే లోపలి జ్ఞాపకమంతా తుడుచుకుని తిరిగి వచ్చాయి. ఫైలులో ఉన్నది మళ్ళీ వాటిలోకి ఎక్కించడానికి ఈ రోజు రమ్మన్నారు. ఈ రోజే.

మేస్త్రికి సంగతి ఇంకా పూర్తిగా చెప్పలేదు, చెప్పాలంటే అరవాలి, ఇలాంటి సంగతి అరుస్తూ ఎలా చెబుతారు? అందుకని మేస్త్రి బెంచీ మీద తన నిశ్శబ్దంలో తాను, ఆమె ఇక్కడ తన నిశ్శబ్దంలో తాను, మధ్య రెండు పొరల అద్దం. ఒకసారి ఆమె వైపు చూసి నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వి, తల దించుకుంది.

ఈ కుర్చీ. ఈ కుర్చీ ఎన్నిసార్లు గుడ్డ మార్చుకుందో ఆమెకు లెక్క తెలుసు, మూడుసార్లు, మూడుసార్లూ ఆమే కుట్టింది. మొట్టమొదట కూర్చున్నప్పుడు మాత్రం ముదురు ఎరుపు. డిగ్రీ చివరి సంవత్సరం. నాన్న అచ్చాఫీసులో ముప్ఫై ఏళ్ళు మిషన్ల మధ్య నిలబడి నిలబడి, అన్నం పెట్టనా అంటే ఎవరొచ్చారు అనేదాకా వచ్చాడు. పట్టుకుని వచ్చింది. అప్పుడు ఈ చెవుల డాక్టరుకు మీసం ఉండేది, అంత బాగుండేది కాదు. పెద్దాయన అప్పుడు కుర్రాడు, తెల్లగా నిగనిగలాడుతూ, అట్టపెట్టె వాసన పోకుండా. నాన్నకు పరీక్ష అయ్యాక ఆయన, "మీరు కూడా కూర్చోండి, ఊరికే, మిషను సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి" అన్నాడు. ఆ మాట అబద్ధమని పెళ్ళయ్యాక ఒప్పుకున్నాడు. హెడ్‌ఫోను పెట్టుకుంది, ఎరుపు కుడిచెవికి, నీలం ఎడమచెవికి, శబ్దం వినపడితే బటన్ నొక్కాలి. చాలామంది తొందరపడతారట, వినపడకపోయినా వినపడిందనుకుని నొక్కుతారట, కొందరు పౌరుషానికి నొక్కుతారట. ఆమె వినపడితేనే నొక్కింది, వినపడిన ప్రతిసారీ నొక్కింది. అద్దం అవతల ఆయన కాగితం మీద గీత గీస్తూ, గీస్తూ, ఆగి, తలెత్తి చూశాడు. "ఇంత నిజాయితీ గ్రాఫు నేను చూడలేదండీ" అన్నాడు బయటికి వచ్చాక. నిజాయితీ గ్రాఫు. ఆ మాటకే పడిపోయాను అని ఆమె ఎవరికీ చెప్పలేదు, చెబితే రేడియో ఊరంతా ప్రసారం చేస్తుంది. ఆ గ్రాఫు పెద్దాయనలో ఏడో ఫైలు, పుట్టింటి ఇంటిపేరుతో ఉంది. ఆరో ఫైలు నాన్నది. ఏడాదికొక గీత, ప్రతి గీతా కిందటి దానికన్నా కాస్త కిందికి, కొండ దిగుతున్న దారిలా, చివరి గీత గీసిన ఏడాదే నాన్న పోయాడు. ఆయన ఒకసారి, నాన్న పోయిన కొత్తలో, ఆ ఫైలు తెరిచి చూపించాడు. చూడు, అన్నీ తగ్గాయి గానీ ఇదిగో ఈ చోట, ఆడవాళ్ళ గొంతు ఉండే చోట, చివరిదాకా కాస్త నిలబెట్టగలిగాను, నీ మాట ఆయనకు అందుతూనే ఉండేది అన్నాడు. మొగుడు ఏమిచ్చాడే అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి, ఒక గీత ఇచ్చాడు అని చెప్పాలా.

ఆ గీతకూ తాళం పడింది ఇప్పుడు. తాళం వేసింది దొంగలే కావచ్చు, తలుపు తీసింది నిజాయితీ గ్రాఫు.

అంకె యాభై ఎనిమిది. ఆడపడుచు పెదవులు కదులుతున్నాయి. ఇరవై ఏళ్ళు వినపడని వాళ్ళతో మెలిగి మెలిగి ఆమెకు పెదవులు చదవడం వచ్చు, ఈ సంగతి ఆడపడుచుకు తెలియదు. ఇన్నేళ్ళు చేశాను, అంటోంది, ఒక్క రోజు, అంటోంది, నన్ను అలా చూసింది, అంటోంది. ముక్కు ఎర్రబడింది. ఎదుటివాళ్ళ మాట పడనివ్వని మనిషి మాట పడి కూర్చుంటే చూడటానికి ఎంత చిన్నగా ఉందో. కంప్యూటరక్క స్క్రూలు నోట్లో పెట్టుకునే ఏదో జవాబు చెప్పింది, అది చదవడం బ్రహ్మ తరం కాదు. వెళ్ళి చెప్పెయ్యాలి. తలుపు తోస్తే చాలు. ఒక వేలంత పని. కాపీ డిస్కు బాగుంటే చెబుతాను అని ఒక మనసు, బాగుంటే చెప్పడం గొప్పేమిటి, పాడైనా చెప్పాలి కదా అని ఇంకో మనసు. డిస్కు బాగుంటుందా? నెలకోసారి మొదటి ఆదివారం పెద్దాయనకు డిస్కు తగిలించి అన్నీ కాపీ తీయడం, ఆమె దాన్ని ఇంటికి తీసుకెళ్ళి బీరువాలో శాలువా మడతలో పెట్టడం, ఇది ఏర్పాటు. ఈ నెల మొదటి ఆదివారం పెళ్ళికి వెళ్ళారు, కాపీ పడలేదు. అందుకని గురువారం, పాడు గురువారం, ఆయన డిస్కు తెమ్మంటే తెచ్చింది, వస్తూనే బల్ల మీద పెట్టింది. సాయంత్రం మళ్ళీ పట్టుకెళ్ళింది. మధ్యలో ఎవరైనా తగిలించారా? ఆయనకు గుర్తులేదు, ఆ రోజు ఊపిరి సలపనంత మంది వచ్చారు. ఆడపడుచుకు గుర్తులేదు. వైరు పెట్టిన తర్వాత తగిలించి ఉంటే ఆ పాడుగాలి డిస్కుకూ తగిలి ఉంటుంది, అప్పుడు పాతదీ పోతుంది, కాపీ కూడా పోతుంది, మేస్త్రి పన్నెండేళ్ళు పోతాయి. కంప్యూటరక్క అందుకే ముందు దాన్ని పరీక్ష చేస్తోంది, లోపల ఏ మూల ఏముందో మెల్లగా తడుముకుంటూ.

గుర్తు తెచ్చుకో. గురువారం. స్పిరిట్ వాసన. డబ్బాలో బ్యాటరీలు. ఎవరో ముసలావిడ తన మిషన్ చెవిలోనే పెట్టుకుని, పోయింది పోయింది అని దుకాణమంతా వెతికించింది, అందరూ నవ్వారు. బల్ల మీద డిస్కు ఉంది, దాని పొట్టి వైరు చుట్టి ఉంది, చుట్టి ముడి వేసి ఉంది. ఆమె వేసే ముడి వేళ్ళతో విప్పితే రాదు. ఆయన ప్రతిసారీ విసుక్కుంటూ కత్తెరతో కోస్తాడు, ప్రతిసారీ ఆమె కొత్త దారంతో మళ్ళీ వేస్తుంది. ఈ పొద్దున కంప్యూటరక్క దాన్ని కటింగ్ ప్లయరుతో కోసింది, ముక్క కింద పడింది. ఆమె కుర్చీలోంచి లేచి అద్దానికి ముక్కు ఆనించింది. కంప్యూటరక్క చెప్పు పక్కన, నేల మీద, చిన్న దారం ముక్క. ఇటుకరంగు.

ఇటుకరంగు దారం. ఆ ఉండ ఆయన చొక్కా బొత్తాములు కుట్టడంతో పోయిన నెలలోనే అయిపోయింది. గురువారం నుంచి సంచిలో ఉన్నది నీలం. గురువారం ఎవరైనా డిస్కు విప్పి ఉంటే సాయంత్రం ఆమె మళ్ళీ నీలంతోనే కట్టేది. కట్టలేదు. ఎవరూ విప్పలేదు. దానికి గాలి తగల్లేదు. అంకె ఇంకా అరవై ఏడు దగ్గరే ఉంది గానీ ఆమెకు తెలిసిపోయింది, లోకంలో అందరికన్నా ముందు ఆమెకు తెలిసిపోయింది, గుండె ఈ గదిలో డోలు కొట్టినట్టు కొట్టుకుంది. మళ్ళీ వెంటనే ఇంకొకటి తెలిసింది. ఆ నేల మీదే, బల్ల కింద, ఎనిమిది అంకెలా చుట్టిన నెట్ వైరు, దానికి నీలం ముడి. ఇంత పొద్దున్నుంచీ అది అక్కడే ఉంది. ఈ లోకంలో వైరుకు ముడి వేసే మనిషి ఎందరు ఉంటారు?

కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. కాపీ బాగున్నా అంతా అయిపోయినట్టు కాదు. పరీక్షల గ్రాఫులన్నీ ఇప్పటికీ పెద్దాయనలోనే దాస్తారు, నెల రోజుల నుంచీ పరీక్షలు చేయించుకున్న వాళ్ళవి పోతాయి, ముప్ఫై ఎనిమిది మంది, మళ్ళీ పిలవాలి. అంతకన్నా పెద్దది ఇంకొకటి ఉంది. తాళం వేసినవాళ్ళు వేసే ముందు అన్నీ ఎత్తుకుపోయి ఉండవచ్చు, పోలేదని ఎవరూ ప్రమాణం చేయలేరు, పోయినట్టే అనుకోండి అంది కంప్యూటరక్క. నాలుగు వేల మంది పేర్లు, ఫోను నంబర్లు, ఏ చెవి ఎంత వినపడదో. రేపు ఎవడో ఒకడు ఫోను చేసి, అమ్మా మీ ఎడమచెవి మిషన్ గడువు అయిపోయింది, కార్డు నంబరు చెప్పండి అంటే, ఎడమచెవి అని అంత కచ్చితంగా చెప్పాడు కదా, మన దుకాణం వాళ్ళే అనుకుంటారు. నమ్ముతారు. నమ్మకం కూడా ఆ ఫైళ్ళలోనే ఉంది. అందరికీ ఫోను చేసి ముందే చెప్పాలి. వినపడని నాలుగు వేల మందికి ఫోనులో అరిచి చెప్పాలి, అలాంటి ఫోను వస్తే నమ్మకండి, మా వల్ల పొరపాటు జరిగింది, అని. ఎవరు అరుస్తారు? నేనే, అనుకుంది. కొలబద్ద పెట్టి, వరస తప్పకుండా, రోజుకు నలభై మంది చొప్పున. నవ్వు వచ్చింది, కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి, ఈ గదిలో రెండిటికీ చప్పుడు ఉంది. పెద్దాయన మాత్రం ఇక లేవడు. లోపలంతా తుడిచేయాలట. కానీ కొత్త కంప్యూటరు లోపల ఒక మూసిన గది కడతాను, అందులో పాత సిస్టమ్‌ను కూర్చోబెడతాను, దానికి తలుపూ కిటికీ ఏదీ బయటికి ఉండదు, మీ పాత ప్రోగ్రాము అందులో హాయిగా నడుస్తుంది, అలాంటి గది నా ల్యాప్‌టాప్‌లో ఇప్పటికే ఉంది, డిస్కు బాగుంటే మేస్త్రిగారి మిషన్లకు ఇవాళే ఎక్కించుకోవచ్చు అంది కంప్యూటరక్క. మరి మూడేళ్ళ కిందే ఆ పని చేయవచ్చు కదా అంటే, అన్నయ్య దాని ముఖం చూడకుండా ఉండలేనన్నాడు అంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. మూసిన గది అంటే ఇలాంటిదే కాబోలు, ఈ స్పాంజి గోడలు, ఈ బెత్తెడు తలుపు. ముసలాయన్ని ఇక్కడ కూర్చోబెట్టి, నీ పని నువ్వు చేసుకో తాతా, నిన్నెవరూ తట్టరు అన్నట్టు. ఆ పాట కూడా పాడుతుందా అని అడగాలి.

కళ్ళు మూసుకుని ఎంతసేపు కూర్చుందో తెలియదు. తెరిచేసరికి కిటికీకి అడ్డంగా ఆయన వీపు. అంకె కనపడదు, మేస్త్రి కనపడడు, ఎవరి పెదవులూ కనపడవు, అరిగిన కాలరు మాత్రం కనపడుతోంది, తిప్పి కుట్టాల్సిన కాలరు. ఆ వీపు వంగింది, లేచింది, పక్కకు జరిగింది, మళ్ళీ అడ్డం వచ్చింది. తర్వాత ఆయన ఇటు తిరిగి, కిటికీ కింద ఉండే పరీక్ష మిషను ముందు కూర్చున్నాడు. హెడ్‌ఫోను పెట్టుకో అన్నట్టు రెండు చెవులూ తట్టుకుని చూపించాడు. పెట్టుకుంది, ఎరుపు కుడికి, నీలం ఎడమకి. ఏమీ లేదు. ఏమీ లేదు. తర్వాత చాలా దూరాన, ఏట్లో ఎవరో చెంబు ముంచినంత మెత్తగా, ఒక చిన్న కూత. చేయి దానంతట అదే బటన్ నొక్కింది. ఆయన నవ్వాడు. అప్పుడు మైకులోంచి ఆయన గొంతు, గుసగుసగా, నోరు చెవికి ఆనించి చెప్పినంత దగ్గరగా.

"వయసు మీద పడినా గ్రాఫు మారలేదు. తలనొప్పి తగ్గిందా? వినపడుతోంది కదా... నీలం దారం పొద్దున్నే చూశాను. ఎవరికీ చెప్పలేదు. చీటీ మీద రాత వెలిసిపోయిందని నేను ఎప్పుడో చూసుకోవాల్సింది, నీకు ఒక్క మాట చెప్పాల్సింది. అదీ సంగతి. నిజమే అయితే నొక్కు, కాకపోతే వదిలెయ్యి, నేను నమ్ముతాను."

ఆమె నొక్కింది. గట్టిగా, వదలకుండా నొక్కింది. ఆయన బల్ల మీద చిన్న దీపం వెలిగి అలాగే ఉండిపోయింది. ఆయన అద్దం అవతల, వినపడినవాళ్ళు ఎత్తినట్టు, చూపుడువేలు ఒకటి పైకెత్తాడు.

కానీ బటను ఆయన ఒక్కడికే తెలుస్తుంది. అక్కడ ఒకతి ముక్కు ఎర్రబడి కూర్చుని ఉంది. ఆమె హెడ్‌ఫోను తీసి కొక్కేనికి, వైరు మెలిక పడకుండా, తగిలించింది. తలుపును భుజంతో తోసింది. ముందు ఆడపడుచు ముక్కు చీదడం వచ్చింది, తర్వాత ఫ్యాను వచ్చింది, తర్వాత వీధి మొత్తం ఒక్కసారిగా మీద పడింది. కంప్యూటరక్క తలెత్తింది. ఈ దుకాణంలో మాట్లాడేటప్పుడు అలవాటైన గొంతుతో, బెంచీ చివరిదాకా అందాలని, ఆమె అరిచింది.

"వైరు నేనే పెట్టాను! చీటీ కూడా నేనే గీకేశాను! మా ఆడపడుచు తప్పు ఏమీ లేదు!"

"వదినా!" అని ఆడపడుచు నోరు తెరిచింది, అందులోంచి రెండో మాట రాలేదు.

బెంచీ మీద గడియారాల మేస్త్రి, మిషన్ పెట్టుకున్న చెవి నుంచి గడియారాన్ని కాస్త ఎడంగా జరిపి, ఇటు తిరిగి ముఖం చిట్లించాడు.

"ఎందుకు తల్లీ అంత అరుపు? శుభ్రంగా వినపడుతోంది," అన్నాడు, మళ్ళీ గడియారాన్ని చెవికి ఆనించుకుంటూ. "కాస్త ఉండండి. ఇది ఎక్కడో కుంటుతోంది."